బ్రిటన్ మితవాద రాజకీయాలు: జవాబుదారీతనం ఎవరికి, ఎంతవరకు?

(గుంటూరులో జరిగిన ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఎంచుకున్న విషయం విని మన పెద్దలొకరు, "భాయ్, మన ఊళ్ళో సమస్యలు తీరిపోయాయా, లండన్ దాకా వెళుతున్నావు?" అని నవ్వారు. వారి ప్రశ్న న్యాయమైనదే. నా సమాధానం రెండు మాటల్లో చెబుతాను.

మొదటిది, బ్రిటన్ ఇవాళ మనకు దూరదేశం కాదు. హైదరాబాదు నుంచీ, మన కోస్తా జిల్లాల నుంచీ చదువులకూ ఉద్యోగాలకూ వెళ్ళిన పిల్లలు అక్కడ ఎందరో ఉన్నారు. 2024 ఆగస్టులో అక్కడి పట్టణాల్లో మస్జిదుల మీద రాళ్ళు పడుతున్నప్పుడు ఇక్కడ తల్లులు రాత్రంతా ఫోన్లు పట్టుకొని కూర్చున్నారు. లండన్‌లోని భారత హైకమిషన్ సైతం మన పౌరులు జాగ్రత్తగా ఉండాలని సూచన జారీ చేయవలసి వచ్చింది.

రెండవది ఇంకా ముఖ్యమైనది. మనల్ని ద్వేషించే రాజకీయ పక్షాలు తమలో తాము కలహించుకుంటే మనం సంతోషిస్తాం. వాళ్ళు చీలితే మనకు మేలు జరుగుతుందని లెక్కలు వేసుకుంటాం. ఈ లెక్క ఎంతవరకు నిజం? నాయకుల మధ్య చీలిక వేరు, నాయకుల జవాబుదారీతనం వేరు. ఈ రెండింటికీ తేడా స్పష్టంగా కనబడే దేశం గత పదేళ్ళ బ్రిటన్. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

మన తెలుగు పత్రికలు అక్కడి కన్సర్వేటివ్ పార్టీని, దానికి అటువైపు ఉన్న పక్షాలను కలిపి "మితవాదులు" అని రాస్తాయి. మితం అన్న మాట చూసి మోసపోకండి. ఆ పక్షాల్లో నిజంగా మితంగా మాట్లాడేవారున్నారు, ఏ మితమూ లేనివారూ ఉన్నారు. ఆ ఇరువురి మధ్య పోరాటమే నేటి బ్రిటిష్ మితవాద చరిత్ర.

ముందుగా వారిని మెచ్చుకోవలసిన ఘట్టం చెబుతాను. ఒక జాతి పట్ల మనకున్న కోపం మనల్ని న్యాయం తప్పేలా చేయరాదని దివ్యఖుర్ఆన్ అల్ మాయిదా సూరాలో మనకు హితవు చెప్పింది. కనుక మంచిని మంచిగానే చెప్పుకోవాలి.

కోవిడ్ కాలంలో బ్రిటన్ ప్రజలు తమవారి అంత్యక్రియలకు కూడా స్వేచ్ఛగా చేరలేని స్థితిలో ఉండగా, ప్రధాని అధికార నివాసంలోనూ, ప్రభుత్వ కార్యాలయాల్లోనూ విందులు జరిగాయి. ప్రధాని బోరిస్ జాన్సన్ పార్లమెంటులో లేచి నియమాలన్నీ పాటించామని చెప్పారు. తరువాత పోలీసులు విచారించి మొత్తం 126 జరిమానాలు విధించారు. 2022 ఏప్రిల్‌లో ప్రధానికే జరిమానా పడింది. పదవిలో ఉన్న ప్రధాని చట్టం ఉల్లంఘించినట్టు తేలడం ఆ దేశంలో అదే మొదటిసారి. ఆర్థిక మంత్రి రిషి సునాక్‌కూ జరిమానా పడింది.

2022 జూన్ 6న సొంత పార్టీ ఎంపీలే జాన్సన్ నాయకత్వంపై రహస్య ఓటింగు జరిపారు. 211 మంది ఆయన వైపు, 148 మంది ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేశారు. ఆయన నెగ్గారు గాని నెల తిరగకుండానే మరో వివాదంలో జూలై 5న సాజిద్ జావిద్, రిషి సునాక్ మంత్రి పదవులు వదిలారు. వారి వెనుక యాభైమందికి పైగా మంత్రులు, సహాయకులు వరుసగా తప్పుకున్నారు. 7వ తేదీన జాన్సన్ పార్టీ నాయకత్వానికి రాజీనామా ప్రకటించారు.

అంతటితో ఆగలేదు. ఆయన పార్లమెంటును తప్పుదారి పట్టించారా అన్న ప్రశ్న హక్కుల కమిటీ ముందుకు వెళ్ళింది. ఆ కమిటీలో ఏడుగురు సభ్యులు. అధ్యక్షురాలు ప్రతిపక్ష లేబర్ పార్టీకి చెందిన హారియెట్ హార్మన్. కాని ఏడుగురిలో నలుగురు జాన్సన్ సొంత పార్టీవారు. ఆ కమిటీ 2023 జూన్ 15న ఇచ్చిన నివేదికలో ఆయన ఉద్దేశపూర్వకంగానే సభను తప్పుదారి పట్టించారని తేల్చింది. 90 రోజుల సస్పెన్షన్ తగిన శిక్ష అని చెప్పింది. ఆ గాలి ముందే పసిగట్టిన జాన్సన్ కొద్దిరోజుల క్రితమే ఎంపీ పదవి వదిలేశారు. జూన్ 19న సభ ఆ నివేదికను 354 ఓట్లతో ఆమోదించింది. వ్యతిరేకించినవారు ఏడుగురు.

ఆయన ఎందుకు వదిలేశారో కూడా గమనించండి. 2015లో బ్రిటన్ ఒక చట్టం చేసింది. ఎంపీని సభ పది పనిదినాలు లేదా అంతకు మించి సస్పెండ్ చేస్తే, ఆ నియోజకవర్గంలో ఆరు వారాలపాటు సంతకాల పుస్తకం తెరుస్తారు. పదిశాతం ఓటర్లు సంతకం చేస్తే సీటు ఖాళీ అవుతుంది, ఉప ఎన్నిక వస్తుంది. 2023 చివర్లో వెల్లింగ్‌బరో నియోజకవర్గంలో అదే జరిగింది. ఉద్యోగిని వేధించినట్టు నిర్ధారణ కావడంతో ఓ కన్సర్వేటివ్ ఎంపీని ఓటర్లు సంతకాలతో దించేశారు. తరువాతి ఉప ఎన్నికలో ఆ సీటు లేబర్‌కు పోయింది.

ఇందులో మనకు కనబడేది ఏమిటి? అబద్ధం ఆడిన నాయకుడు పడిపోయింది ప్రత్యర్థుల ఉపన్యాసాలతో కాదు. సభలో ఆయన పలికిన ప్రతి మాటా నమోదై ఉంది. పోలీసు జరిమానా కాగితం మీద ఉంది. ఫలానా తప్పుకు ఫలానా శిక్ష అని నియమం ముందే రాసి ఉంది. సొంత పార్టీవారికి ఆయనకు వ్యతిరేకంగా ఓటు వేసే వెసులుబాటు ఉంది. ఈ నాలుగూ కలిశాయి కాబట్టి పని జరిగింది.

మన దగ్గర ఆ నాలుగోది ఎలా ఉందో మీకు తెలుసు. 1985లో రాజ్యాంగ సవరణ ద్వారా పదవ షెడ్యూలు వచ్చింది. పార్టీ విప్‌కు విరుద్ధంగా ఓటు వేస్తే సభ్యత్వం పోతుంది. ఫిరాయింపులను ఆపడానికి చేసిన చట్టం అది. ఫిరాయింపులు ఆగాయా? 2019లో తెలంగాణలో 18 మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలలో 12 మంది విలీనం పేరుతో అధికార పక్షంలో కలిశారు. తరువాత ప్రభుత్వం మారింది, ఈసారి బీఆర్ఎస్ నుంచి కాంగ్రెస్ వైపు నడిచారు. పది మంది విషయంలో స్పీకర్ మూడు నెలల్లో నిర్ణయం తీసుకోవాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు చెప్పవలసి వచ్చింది. అంటే పార్టీ మారడానికి దారి దొరికింది గాని, పార్టీలోనే ఉండి నాయకుడి తప్పును ఎదిరించే దారి మూసుకుపోయింది.

ఇప్పుడు నాణేనికి రెండోవైపు చూద్దాం. పార్లమెంటుతో అబద్ధమాడిన జాన్సన్‌ను శిక్షించిన ఆ పార్టీ, ముస్లిం స్త్రీలను అవమానించిన జాన్సన్‌ను ఏం చేసింది?

2018 ఆగస్టులో జాన్సన్ ఒక పత్రికలో వ్యాసం రాశారు. బురఖాను నిషేధించవద్దని వాదిస్తూనే, దాన్ని ధరించిన స్త్రీలు తపాలా పెట్టెల్లా ఉన్నారని, బ్యాంకు దొంగల్లా ఉన్నారని ఎగతాళి చేశారు. ముస్లింలపై దాడుల ఫిర్యాదులు స్వీకరించే టెల్ మామా అనే సంస్థ లెక్క ప్రకారం, ఆ వ్యాసానికి ముందువారంలో ఎనిమిదిగా ఉన్న ఘటనలు తరువాతి వారంలో 38కి పెరిగాయి. వీధిలో వెళ్ళే స్త్రీలను అవే మాటలతో అవహేళన చేశారు. పార్టీ లోపలి విచారణ ఆ ఏడాది డిసెంబరులో ఆయన ఏ నియమాన్నీ ఉల్లంఘించలేదని తేల్చింది. మరో ఏడు నెలలకు ఆయన ప్రధాని అయ్యారు.

ఆ పార్టీలో ఈ మాట అడిగినవారు లేరా? ఉన్నారు. బారనెస్ సయీదా వార్సీ పేరు మీలో కొందరు వినే ఉంటారు. 2010లో బ్రిటిష్ క్యాబినెట్‌లో చేరిన తొలి ముస్లిం మహిళ ఆమె, కన్సర్వేటివ్ పార్టీకి సహాధ్యక్షురాలు కూడా. 2011 జనవరిలో లెస్టర్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, ముస్లింల పట్ల చులకన మాటలు పెద్దింటి భోజనాల బల్లల దగ్గర కూడా మర్యాదస్తుల మాటలుగా చెల్లిపోతున్నాయని హెచ్చరించారు. 2014 ఆగస్టులో గాజా విషయంలో తమ ప్రభుత్వ విధానాన్ని సమర్థించలేనని మంత్రి పదవి వదిలారు. పార్టీలో ఉండి విచారణ జరిపించమని అడిగారు. చివరకు 2024 సెప్టెంబరులో, పార్టీ తీవ్రధోరణులవైపు చాలా దూరం జరిగిపోయిందంటూ బయటికి వచ్చారు.

2019 జూన్‌లో నాయకత్వ పోటీ సందర్భంగా టీవీ చర్చలో సాజిద్ జావిద్, పార్టీలో ముస్లిం వ్యతిరేకతపై బయటివారితో విచారణ జరిపిస్తామని అందరూ మాట ఇస్తారా అని పక్కనున్న పోటీదారులను నిలదీశారు. అందరూ తలలూపారు. జాన్సన్ ప్రధాని అయ్యాక విచారణ పరిధి మారింది, అన్నిరకాల వివక్షల మీదా విచారణ అయింది. దేశ సమానత్వ కమిషన్ లేబర్ పార్టీలో యూదు వ్యతిరేకతపై తానే విచారణ జరిపి చట్ట ఉల్లంఘనలు తేల్చింది. కన్సర్వేటివ్‌ల విషయంలో మాత్రం, పార్టీయే విచారణ పెట్టుకుంది గనుక తాము చేపట్టనవసరం లేదని 2020లో చెప్పింది.

ఆచార్య స్వరణ్ సింగ్ ఆ విచారణ నివేదికను 2021 మే నెలలో ఇచ్చారు. 2015 నుంచి 2020 వరకు పార్టీకి 727 ఘటనలపై 1,418 ఫిర్యాదులు అందాయి. ఆ ఘటనల్లో మూడింట రెండు వంతులు ఇస్లాంకు, ముస్లింలకు సంబంధించినవే. ముస్లిం వ్యతిరేక భావం పార్టీలో సమస్యగా ఉన్నదని నివేదిక అంగీకరించింది. జాన్సన్ వ్యాసం, 2016 లండన్ మేయర్ ఎన్నికలో సాదిఖ్ ఖాన్‌పై సాగిన ప్రచారం పార్టీకి ముస్లింల పట్ల పట్టింపు లేదన్న అభిప్రాయం కలిగించాయని చెప్పింది. కాని సంస్థాగత వివక్ష ఉన్నదనడానికి ఆధారం దొరకలేదని ముగించింది. ప్రధానిగా ఉన్న తాను ఇప్పుడైతే అలాంటి భాష వాడనని జాన్సన్ విచారణకు చెప్పారు. శిక్ష లేదు, ఓటింగు లేదు, సంతకాల పుస్తకం అసలే లేదు.

నుస్రత్ గనీ అనే మహిళా ఎంపీ సంగతి ఇంకా విచిత్రం. రవాణా శాఖలో మంత్రిగా ఉన్న ఆమెను 2020 ఫిబ్రవరిలో తొలగించారు. తన ముస్లింతనం సమస్యగా చర్చకు వచ్చిందని విప్ బాధ్యతల్లో ఉన్న ఒకరు తనతో చెప్పారని ఆమె 2022 జనవరిలో వెల్లడించారు. ఆ మాట తననుద్దేశించే అని నాటి చీఫ్ విప్ స్వయంగా ముందుకొచ్చి, ఆ ఆరోపణ పూర్తిగా అబద్ధమన్నారు. విచారణ వేశారు. పదిహేను నెలలు గడిచాక 2023 ఏప్రిల్‌లో ఫలితం వచ్చింది: ఇరువైపుల మాటలూ పొసగలేదు, ఏం జరిగిందో స్పష్టంగా తేల్చడం సాధ్యం కాలేదు.

సోదరులారా, ఈ చివరి వాక్యం చదివినప్పుడు నా చేయి ఆగింది. ఎందుకో మీకు చెప్పాలి. నేను గుమస్తాగా పనిచేసిన రోజుల్లో ఒక గ్రామం నుంచి ఖబ్రస్తాన్ స్థలం ఆక్రమణ గురించి అర్జీ వచ్చింది. అర్జీదారు ముసలాయన. మూడుసార్లు తిరిగాడు. ఆయన దగ్గర పాత కాగితాలు లేవు, గతంలో ఇచ్చిన అర్జీలకు రసీదులు లేవు. చివరకు "విచారణలో ఆరోపణ నిర్ధారణ కానందున అర్జీ ముగించడమైనది" అని ఆయనకు జవాబు వెళ్ళింది. ఆ జవాబు టైపు చేసింది నేనే. ఆక్రమణ జరగలేదని ఆ వాక్యం చెప్పలేదు, జరిగిందనీ చెప్పలేదు. ఎవరికీ ఇబ్బంది లేకుండా ఫైలు మూసింది. ఆ ముసలాయన కాగితం తిప్పి తిప్పి చూసి, "అంటే నేను అబద్ధం చెప్పానన్నట్టా బాబూ?" అని నన్నడిగాడు. నేను తలవంచుకొని వేరే ఫైలు తీశాను. లండన్‌లో మంత్రిగా చేసిన మహిళకూ, మన పల్లెలో ఆ పెద్దాయనకూ అందిన వాక్యం ఒక్కటే. నిర్ధారణ కాలేదు.

తేడా ఎక్కడుంది? విందుల విషయంలో నమోదు ఉంది, నియమం ఉంది, శిక్ష ఉంది. ముస్లింల అవమానం విషయంలో మాట చెవిలో చెప్పినది, నియమం పార్టీ ఇష్టం, శిక్ష నాయకుడి దయ. అసలు ఆ అవమానానికి పేరు పెట్టడానికే ఒప్పుకోలేదు. అన్ని పార్టీల ఎంపీల బృందం ఒకటి 2018లో ఇస్లామోఫోబియాకు నిర్వచనం సూచిస్తే, 2019 మేలో కన్సర్వేటివ్ ప్రభుత్వం దాన్ని తిరస్కరించింది. పేరు లేని నేరానికి విచారణ ఎలా జరుగుతుంది? 2025లో లేబర్ ప్రభుత్వం మళ్ళీ నిర్వచనం కోసం ఒక బృందాన్ని నియమించింది. దాని అధ్యక్షుడు డొమినిక్ గ్రీవ్ ఒకప్పుడు కన్సర్వేటివ్‌ల నాయకత్వంలోని సంకీర్ణ ప్రభుత్వంలో అటార్నీ జనరల్. ఆ పక్షంలో న్యాయం మాట్లాడేవారు లేకపోలేదని ఈ పేరు గుర్తు చేస్తుంది.

ఇక చీలికల సంగతి. నైజెల్ ఫరాజ్ నాయకత్వంలోని రిఫార్మ్ యూకే పార్టీ కన్సర్వేటివ్‌లకు అటువైపున పెరిగింది. 2024 జూలై సాధారణ ఎన్నికల్లో కన్సర్వేటివ్‌లకు 23.7 శాతం ఓట్లు, రిఫార్మ్‌కు 14.3 శాతం ఓట్లు వచ్చాయి. రెండూ కలిపితే 38 శాతం. లేబర్‌కు వచ్చింది 33.7 శాతమే. అయినా లేబర్ 411 సీట్లు గెలిచింది. కన్సర్వేటివ్‌లు 121కి పడిపోయారు. రిఫార్మ్‌కు దక్కినవి ఐదే. చీలిక ఫలితం ఇదే కదా, మంచిదే కదా అని మనకు తోస్తుంది. ఆ చీలిక ఎలా సాగిందో చూస్తే ఆ సంతోషం నిలవదు.

2024 ఫిబ్రవరిలో కన్సర్వేటివ్ ఎంపీ లీ ఆండర్సన్, లండన్ మేయర్ సాదిఖ్ ఖాన్‌ను ఇస్లామిస్టులు తమ గుప్పిట్లో పెట్టుకున్నారని టీవీలో అన్నారు. ఆయన అంతకు నెల క్రితం వరకు ఆ పార్టీ ఉపాధ్యక్షుడు. మరుసటి రోజు పార్టీ ఆయనను సస్పెండ్ చేసింది. ప్రధాని సునాక్ ఆ మాటలు తప్పు అన్నారు, ముస్లిం ద్వేషం అన్న మాట మాత్రం వాడలేదు. మార్చి 11న ఆండర్సన్ రిఫార్మ్‌లో చేరి ఆ పార్టీ తొలి ఎంపీ అయ్యారు. ఉప ఎన్నిక అవసరం లేకుండానే సీటు నిలుపుకున్నారు. జూలైలో మళ్ళీ గెలిచారు. ఒక పార్టీ వేసిన శిక్ష మరో పార్టీలో అర్హతగా మారింది. చీలిక జవాబుదారీతనాన్ని పెంచలేదు, తప్పించుకునే తలుపు తెరిచింది. సాదిఖ్ ఖాన్‌కు న్యాయం చేసింది లండన్ ఓటర్లు. మే నెలలో ఆయనను దాదాపు 2,76,000 ఓట్ల ఆధిక్యంతో మూడోసారి గెలిపించారు.

మనవంటి రూపురేఖలున్న నాయకులు వస్తే మారుతుందా? సునాక్ భారతీయ మూలాలున్నవారు. ఆయన హోంమంత్రి సువెల్లా బ్రావర్‌మన్ కూడా భారతీయ సంతతే. గాజా ప్రజల కోసం సాగిన ప్రదర్శనలను ఆమె ద్వేష యాత్రలన్నారు. ప్రదర్శకుల పట్ల పోలీసులు పక్షపాతం చూపుతున్నారని, ప్రధాని కార్యాలయం ఆమోదించని వ్యాసం రాశారు. 2023 నవంబరు 13న పదవి పోయింది. ఆమె మాటలు ముస్లింలకు చేసిన గాయం మీద మాత్రం ఏ విచారణా జరగలేదు.

రిఫార్మ్ లోపలి తగవులూ అలాంటివే. ఆ పార్టీ ఛైర్మన్‌గా ఉన్న జియా యూసుఫ్ ముస్లిం. 2025 జూన్ 4న ఆ పార్టీకి కొత్తగా ఎన్నికైన ఎంపీ సారా పోచిన్ పార్లమెంటులో లేచి, బురఖాను నిషేధిస్తారా అని ప్రధానిని అడిగారు. తమ పార్టీ విధానంలో లేనిదాన్ని ప్రధానిని చేయమని అడగడం తెలివితక్కువ పని అని యూసుఫ్ అన్నారు. మరునాడు రాజీనామా చేశారు. రెండు రోజులకే మరో బాధ్యతలో తిరిగి వచ్చారు. అంతకు ముందు మార్చిలో రూపర్ట్ లో అనే ఎంపీ ఫరాజ్ నాయకత్వాన్ని విమర్శించారు, వెంటనే సస్పెండ్ అయ్యారు. ఆయనపై పోలీసులకు వెళ్ళిన ఫిర్యాదు అభియోగం దాకా రాలేదు. ఆయన మరింత కఠినమైన బాటలో సొంత ఉద్యమం పెట్టుకున్నారు. ఫరాజ్ కూడా 2018 డిసెంబరులో తన పాత పార్టీ యూకిప్‌ను వదిలింది, ఆ పార్టీ టామీ రాబిన్సన్ అనే ముస్లిం ద్వేషిని సలహాదారుగా పెట్టుకున్నందుకే. అతనితో దూరం పాటిస్తున్నందుకు 2025 జనవరిలో ఎలాన్ మస్క్, ఫరాజ్ నాయకత్వానికి తగడని అన్నారు.

ఈ వరుస గమనించారా? ప్రతి చీలికలోనూ ఒకరు కొంచెం ఇటు నిలబడతారు. వెంటనే మరొకరు, నువ్వు మెత్తబడ్డావంటూ ఇంకొంచెం అటు జరుగుతారు. వారి మధ్య పోటీకి గీటురాయి మన స్త్రీల ముసుగు, మన ప్రార్థన, మన మస్జిద్. దున్నల పోట్లాటలో లేగల కాళ్ళు విరిగినట్టు అన్న మన సామెత ఇలాంటి స్థితి గురించే.

ఆ లేగలు ఎవరో 2024 వేసవిలో తెలిసింది. జూలై 29న సౌత్‌పోర్ట్ పట్టణంలో నృత్య తరగతికి వచ్చిన ముగ్గురు చిన్నారులను ఒక 17 ఏళ్ళ యువకుడు పొడిచి చంపాడు. ఆ బిడ్డల తల్లిదండ్రుల దుఃఖం ముందు మనం తల వంచాలి. కాని హంతకుడు శరణార్థిగా వచ్చిన ముస్లిం అన్న అబద్ధం గంటల్లో వ్యాపించింది. నిజానికి అతను కార్డిఫ్‌లో పుట్టినవాడు. ప్రజల నుంచి నిజం దాస్తున్నారేమోనన్న అనుమానాన్ని ఫరాజ్ వంటి ఎంపీ కూడా బహిరంగంగా వ్యక్తం చేశారు. మరునాటి సాయంత్రం ఆ పట్టణ మస్జిద్‌పై మూక దాడి చేసింది. తరువాతి రోజుల్లో ఇతర పట్టణాలకు అల్లర్లు పాకాయి. రాథరమ్‌లో శరణార్థులున్న హోటలుకు నిప్పు పెట్టబోయారు. ఆ వేడిలోనే, కన్సర్వేటివ్ నాయకత్వానికి పోటీ పడుతున్న రాబర్ట్ జెన్రిక్, వీధిలో అల్లాహు అక్బర్ అని అరిచేవారిని వెంటనే అరెస్టు చేయాలన్నారు. మన అజాన్‌లో ఉన్న పలుకు అది. తల్లి బిడ్డ చెవిలో వినాలని కోరుకునే తొలి మాట అది.

ఆ చీకటిలో వెలుగు కూడా ఉంది. దాడి జరిగిన మరునాడు పొద్దున్నే సౌత్‌పోర్ట్ పౌరులు, ముస్లింలు కానివారు, ఇటుకలు సిమెంటు తెచ్చి మస్జిద్ ప్రహరీ కట్టారు. ఆగస్టు 7న అనేక పట్టణాల్లో వేలాదిమంది వీధుల్లో నిలిచి మూకలను రానివ్వలేదు. న్యాయస్థానాలు రోజుల్లోనే శిక్షలు మొదలుపెట్టాయి. శరణార్థులున్న హోటళ్ళు తగులబెట్టమని రాసిన ఒక కన్సర్వేటివ్ కౌన్సిలర్ భార్య నేరం ఒప్పుకుంది, 31 నెలల జైలు పడింది. ఆమె విడుదలైనప్పుడు మితవాద పక్షంలో ఒక వర్గం ఆమెను వాక్‌స్వాతంత్ర్యానికి ప్రతీకగా నెత్తికెత్తుకుందన్నది కూడా నిజమే. చట్టం శిక్షించినదాన్ని రాజకీయం సన్మానించింది. 2025 మే స్థానిక ఎన్నికల్లో రిఫార్మ్ 600కు పైగా సీట్లు, పది కౌన్సిళ్ళు గెలిచింది.

ఇక మనం ఏం నేర్చుకోవాలి? మూడు మాటలు చెప్పి ముగిస్తాను.

మొదటిది, ప్రత్యర్థుల చీలికను మన భద్రతగా భావించవద్దు. చీలిక ఒక ఎన్నికలో సీట్ల లెక్క మార్చవచ్చు, మన గౌరవానికి హామీ ఇవ్వదు. బ్రిటన్ ముస్లింలు ఈ పాఠం లేబర్ పార్టీ విషయంలో కూడా నేర్చుకున్నారు. గాజాపై ఆ పార్టీ వైఖరికి నిరసనగా 2024లో లెస్టర్ సౌత్, బ్లాక్‌బర్న్, బర్మింగ్‌హామ్ పెర్రీ బార్, డ్యూస్‌బరీ అండ్ బాట్లీ నియోజకవర్గాలలో స్వతంత్రులను గెలిపించారు. మన ఓటు ఎవరి జేబులోనూ లేదని చెప్పారు. స్వపక్షమనుకున్నవారిని కూడా ప్రశ్నించడమే జవాబుదారీతనానికి మొదటి మెట్టు.

రెండవది, నమోదు. ఇది నా వృత్తి నేర్పిన పాఠం. మన సంఘాలు కలెక్టరుకో మంత్రికో వినతిపత్రం ఇస్తాయి. శాలువా కప్పుతాం, ఫోటో దిగుతాం, ఫోటో పత్రికకు పంపుతాం. ఇన్‌వార్డు నెంబరు అడగం. ఏడాది తరువాత ఆ అర్జీ ఏమైందంటే ఫోటో చూపిస్తాం. ఫోటోకు ఏ కార్యాలయమూ జవాబివ్వదు, నెంబరుకు ఇవ్వక తప్పదు. ప్రతి మస్జిద్ కమిటీ ఒక రిజిస్టరు పెట్టాలి. అవమానం జరిగినా, దాడి జరిగినా, స్థలం పోయినా, తేదీ, స్థలం, సాక్షుల వివరాలు, ఇచ్చిన అర్జీ నెంబరు అందులో రాయాలి. సమాధానం రాకపోతే సమాచార హక్కు చట్టం కింద అడగాలి. టెల్ మామా వంటి సంస్థ ఎనిమిది, 38 అన్న అంకెలు చెప్పగలిగింది ఎవరో ఓపికగా రాసుకున్నారు కాబట్టే. ఆచార్య సింగ్ ఎంత మెత్తగా ముగించినా 1,418 అన్న అంకెను దాచలేకపోయారు, ఎవరో అన్ని ఫిర్యాదులు రాసి పంపారు కాబట్టే.

మూడవది మనకు చేదుగా ఉండవచ్చు. తల్లిదండ్రులకు, దగ్గరి బంధువులకు వ్యతిరేకమైనా, చివరకు మీకే వ్యతిరేకమైనా న్యాయానికి సాక్షులుగా నిలవమని అన్నిసా సూరా మనకు బోధిస్తుంది. జాన్సన్‌ను తప్పుపట్టిన నలుగురు సొంత పార్టీ సభ్యులను మెచ్చుకుంటున్న మనం, మన కమిటీల లెక్కలు జమాఅత్ ముందు పెడుతున్నామా? మన సంఘ నాయకుడు తప్పు చేస్తే, మనవాడు కదా అని ఊరుకుంటున్నామా? ఇంట్లో అడగలేనివారు అసెంబ్లీని అడగలేరు.

ఆ ముసలాయన ఇప్పుడు లేరు. ఆ ఖబ్రస్తాన్ స్థలం ఏమైందో నేను మళ్ళీ వెళ్ళి చూడలేదు. ఉద్యోగ విరమణ తరువాత మా వీధి మస్జిద్‌లో ఇషా నమాజు అయ్యాక ఒక గంటసేపు కూర్చొని, వచ్చినవారికి అర్జీలు రాసిపెడుతున్నాను. ప్రతి అర్జీకి రెండు నకళ్ళు తీయిస్తాను. నెంబరు వేయించుకొని రమ్మంటాను. నెంబరుతో తిరిగి వచ్చినవాణ్ణి చూసినప్పుడల్లా ఆయన ప్రశ్నకు కొంచెం జవాబు చెప్పినట్టనిపిస్తుంది. మీ మీ వాడల్లో చదువుకున్న ఒక్కొక్కరు ఈ పనికి వారానికి ఒక గంట ఇవ్వాలని చేతులు జోడించి కోరుతున్నాను.

అల్లాహ్ మనందరికీ న్యాయం పక్షాన నిలిచే ధైర్యాన్నీ, ఓపికనూ ప్రసాదించుగాక! ఆమీన్. సెలవు.